ఉపకారమా, వాటానా? స్కాలర్‌షిప్ భాష మీద కొన్ని ప్రశ్నలు

స్కాలర్‌షిప్‌కి ప్రభుత్వ కాగితాల్లో ఒక తెలుగు పేరుంది: ఉపకార వేతనం. సాంఘిక సంక్షేమ శాఖ బోర్డుల మీద, దరఖాస్తు ఫారాల మీద, పేపర్లో పడే ప్రకటనల్లో ఏళ్ల తరబడి ఇదే మాట. హాస్టళ్లలో పెరిగిన మాలాంటి వాళ్లం ఈ మాట ఎన్నిసార్లు రాసి ఉంటామో లెక్కలేదు. రాసిన ఏ ఒక్కసారీ ఆగి, ఇది మమ్మల్ని ఏమంటున్నది అని అడగలేదు.

ఉపకారం అంటే ఒకడు చేసేది, ఇంకొకడు పొందేది. చేసినవాడికి పేరు, పొందినవాడికి రుణం. వేతనం సంగతి వేరు. పని చేసినవాడు అడిగి తీసుకుంటాడు, ఇవ్వకపోతే నిలదీస్తాడు. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో ఎట్లా కాపురం చేస్తున్నాయో గానీ ఆచరణలో మొదటిదే బతికింది, రెండోది చచ్చింది. ఊళ్లో పాలేరు జీతం గింజల్లో కోత పెట్టిన దొరే పండక్కి పాత పంచె ఒకటి పారేసి 'నీకెంత ఉపకారం చేశానురా' అంటాడు. ఆ దొర భాషే ఆఫీసు భాష అయింది. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందని అడగబోయిన పిల్లవాడికి గుమాస్తా చెప్పే జవాబులో ఆ పంచె వాసన ఇప్పటికీ ఉంది.

ఈ వ్యాసంలో మేము విమర్శకు పెడుతున్నది ఈ మాటనే. దానికి తోడుగా ఈ ముప్పై ఏళ్లలో బలిసిన ఇంకో మాట ఉంది: ప్రతిభ. ఒకటి మనల్ని చెయ్యి చాచి నిలబడమంటుంది. రెండోది మనలో మనల్నే పరుగు పందెంలోకి దింపుతుంది. ఈ రెంటి మధ్యా అసలు మాట, అంటే ప్రజల ఖజానాలో మన వాటా అనే మాట, కనబడకుండా పోయింది.

ఈ చరిత్రను బరోడా దగ్గర మొదలుపెట్టాలి. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు కృష్ణాజీ అర్జున్ కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహుమతిగా ఇచ్చాడని మనవాళ్లందరికీ తెలుసు. ఆయనే ఆ కుర్రవాణ్ని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దృష్టికి తీసుకెళ్లాడన్న సంగతిని మాత్రం అంతగా చెప్పుకోం. నెలకు 25 రూపాయలు వచ్చాయి, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ చదువు సాగింది. 1913లో మళ్లీ బరోడా నుంచే నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ వచ్చింది, కొలంబియా విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకుంది. దానికి ఒక ఒప్పంద పత్రం ఉంది. చదువు పూర్తయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలి. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి లండన్ చదువు మధ్యలో ఆగింది. ఒప్పందం ప్రకారం బరోడా వెళితే తల దాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచే విసిరేవారు. స్కాలర్‌షిప్ మనిషిని న్యూయార్క్ దాకా తీసుకెళ్లింది గానీ బరోడాలో ఒక గది ఇప్పించలేకపోయింది! ఆగిన చదువు కోసం 1920లో మళ్లీ లండన్ వెళ్లడానికి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, నవల్ భతేనా అనే స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పు కావలసి వచ్చాయి.

శాయాజీరావు, షాహూ మహారాజ్ పెద్ద మనసున్న వాళ్లు. వాళ్లను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పేదేంటంటే, ఒక కేళూస్కర్ ఎదురు కాకపోతే, ఒక రాజుకు దయ కలగకపోతే ఆ చదువు లేదు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు అంబేడ్కరే. అందుకే వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్‌గా చేరిన 1942లోనే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చాడు. పేరుకు వినతిపత్రమే గానీ అందులో వాదన వాటా వాదన. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికీ ఏటా గ్రాంటు ఇస్తున్నారు గదా, మరి అంటరాని కులాల ఉన్నత చదువుకు ఏమిస్తున్నారని లెక్క అడిగాడు. 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. ఒక్క మనిషికి రాజు దయగా దొరికినదాన్ని ఒక జాతి మొత్తానికి సర్కారు బాధ్యతగా మార్చిన ఘట్టం ఇది. మన పాఠ్యపుస్తకాలు అంబేడ్కర్ వీధి దీపం కింద చదివాడని చెబుతాయి గానీ ఈ కథ చెప్పవు. వీధి దీపం కథలో ప్రభుత్వం చెయ్యాల్సింది ఏమీ లేదు గదా మరి!

* * *

ఆ ఘట్టం నుంచి ఇప్పటికి ఎంత దూరం జరిగామో చూడటానికి ఒక్క ఉదాహరణ చాలు. విదేశాల్లో పైచదువులకు షెడ్యూల్డ్ కులాలు మొదలైన వారి కోసం 1950ల నుంచీ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 125 స్థానాలు, అందులో 115 షెడ్యూల్డ్ కులాలవి. 2022 ఫిబ్రవరిలో దీని మార్గదర్శకాలు మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేసేవారికి ఈ స్కాలర్‌షిప్ వర్తించదన్నారు. ఇక్కడి సంగతులు ఇక్కడే చదువుకోవచ్చు, ఆ డబ్బు వేరే శాస్త్రాలకు వాడతామని దానికి సమర్థన.

1916 మే 9న కొలంబియాలో, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్‌లో, అంబేడ్కర్ చదివిన పేపర్ భారతదేశంలోని కులాల మీద. కులం ఎట్లా పుట్టింది, ఎట్లా నిలబడింది, అంతర్వివాహం దాన్ని ఎట్లా కాపాడుతున్నది అనే విషయం మీద. అప్పుడాయనకు 25 ఏళ్లు. ఆ డబ్బు బరోడా ఇచ్చింది. ఒక సంస్థానాధీశుడు, రాజరికపు మనిషి, నువ్వు అక్కడికెళ్లి కులం మీద రాయకూడదని షరతు పెట్టలేదు. అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన ప్రభుత్వం పెట్టింది. 2022 మార్గదర్శకాల ప్రకారం 1916 నాటి ఆ విద్యార్థి ఆ అంశంతో దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించాల్సిందే.

దీన్ని ఏదో అధికారి తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. దళితుడు ఇంజనీరు కావచ్చు, డాక్టరు కావచ్చు, కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. తన సమాజాన్ని తానే పరిశోధించి, బయటి ప్రపంచం ముందు, దాని భాషలో, దాని గ్రంథాలయాల బలంతో రాయడమే కుదరదు. దళితుడి మీద పరిశోధన చెయ్యడం ఎప్పట్నుంచో అగ్రవర్ణ పండితుల సొంత మడి. మనం వాళ్లకు ముడిసరుకు. ముడిసరుకే మాట్లాడటం మొదలుపెడితే ఏమవుతుందో 1990ల నుంచీ విశ్వవిద్యాలయాల్లో చూస్తున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టినప్పట్నుంచీ అక్కడ థీసిస్ అంశాలు కూడా మారుతూ వచ్చాయి. దానికి జవాబుగానే మేము ఈ షరతును చదువుతున్నాం.

2025 జులైలో ఇదే పథకానికి 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని, వీసా గడువులు లెక్కపెట్టుకుంటున్న పిల్లలకు ఈ 'ఉంటే' అన్న మాట ఏం చేస్తుందో వేరే చెప్పాలా? ఉపకారానికి గడువు ఉండదు. చేసేవాడికి వీలైనప్పుడు చేస్తాడు.

పేర్ల సంగతి కూడా ఇక్కడే అనుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ విద్య పథకానికున్న అంబేడ్కర్ పేరు 2022లో పోయి అప్పటి ముఖ్యమంత్రి పేరు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ అంబేడ్కర్ పేరు పెట్టారు. ఢిల్లీలో షెడ్యూల్డ్ కులాల, తెగల పరిశోధకుల కోసం 2005-06లో పెట్టిన ఫెలోషిప్‌కు మొదట రాజీవ్ గాంధీ పేరుండేది. డబ్బు పన్నులు కట్టిన జనానిది, పేరు మాత్రం దాతది. పంచె విసిరిన దొర పేరు గుర్తుండాలి గదా.

* * *

ఇక ప్రతిభ సంగతి. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం బీసీ రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచినప్పుడు, 1990లో మండల్ సిఫారసుల అమలు ప్రకటించినప్పుడు రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి ప్రతిభ చచ్చిపోయిందని ఏడ్చిన వాళ్లను చూశాం. బూటు పాలిష్‌నూ చీపురునూ అవమానంగా ఎంచుకోవడంలోనే వాళ్ల ప్రతిభ ఏమిటో బయటపడింది. అప్పుడు అది మన బయట నుంచి వచ్చిన మాట, ఎదిరించడం తేలిక. ఇప్పుడు అదే మాట మన పథకాల లోపల కూర్చుంది. రిజర్వేషన్‌ను ముట్టుకోకుండానే, మన కోటాలోకి పోటీ రూపంలో వచ్చింది.

పైన చెప్పిన పరిశోధకుల ఫెలోషిప్ మొదట్లో ఏటా రెండు వేల మందికి, 1,333 మంది షెడ్యూల్డ్ కులాలకు, 667 మంది తెగలకు. పీజీ మార్కుల ఆధారంగా ఎంపిక ఉండేది. 2018 నుంచి షెడ్యూల్డ్ కులాల ఫెలోషిప్‌ను నెట్ పరీక్షతో ముడిపెట్టారు. అందరికీ ఒకే పరీక్ష అయితే తప్పేముంది అంటారు. భాషా సబ్జెక్టులు మినహా ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది. హిందీ రాష్ట్రంలో అమ్మభాషలో చదివినవాడు అమ్మభాషలోనే ప్రశ్న చదువుకుంటాడు. పాలమూరులోనో శ్రీకాకుళంలోనో తెలుగు మీడియంలో డిగ్రీ దాకా వచ్చి, చరిత్రను తెలుగులో ఆలోచించే పిల్ల మొదట ప్రశ్నను తర్జుమా చేసుకోవాలి, తర్వాత జవాబు వెతుక్కోవాలి. గడియారం ఇద్దరికీ ఒకటే. ఈ పరీక్ష ఏం కొలుస్తున్నది?

బడి పిల్లల దగ్గరికి వద్దాం. 2008లో మొదలైన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ కింద దేశంలో ఏటా లక్ష మంది ఎనిమిదో తరగతి పిల్లలను ఎంపిక చేస్తారు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు. సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మంచి పథకమే. మెంటల్ ఎబిలిటీ పేపర్‌లో 90 ప్రశ్నలు, పాఠాల పేపర్‌లో 90. కానీ బొమ్మల వరసలు, అంకెల చిక్కుముళ్లు మన బడి పాఠాల్లో లేవు. దాన్ని పిల్లలకు నేర్పే మాస్టారు ఒక్కరుంటే ఆ బడి నుంచి ప్రతి ఏడూ నలుగురైదుగురు ఎంపికవుతారు. లేకపోతే ఆ ఊరి పిల్లలకు అట్లాంటి పరీక్ష ఉందనే తెలియదు. మాలో ఒకరు చదివిన బడిలో హెడ్‌మాస్టరు ఇట్లాంటి సర్క్యులర్లను బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. దురుద్దేశం కూడా కాదేమో, 'మీవాళ్లకెందుకు వస్తుందిలే' అన్న నమ్మకం. ఆ నమ్మకమే అసలు ప్రవేశ పరీక్ష. దాన్ని దాటినవాళ్లే రెండో పరీక్షకు కూర్చుంటారు.

స్కాలర్‌షిప్ సంపాదించడం కంటే అది ఉందని తెలుసుకోవడమే పెద్ద పోటీ అని మా అనుభవం. పైకులాల ఇళ్లలో సమాచారం గాలిలో ఉంటుంది. బాబాయి అమెరికాలో, అత్త కూతురు లండన్‌లో, నాన్న స్నేహితుడు ప్రొఫెసరు. ఏ నెలలో ఏ నోటిఫికేషన్, ఎవర్ని అడగాలి, ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలి అన్నది అన్నంతోపాటు కంచంలోకి వస్తుంది. మన ఇళ్లలో అదే సమాచారం కోసం గోడ మీద అంటించిన కాగితం ముందు నిలబడాలి, అది వాన పడి చిరిగిపోకముందే. భీమ్‌రావ్‌కు ఒక కేళూస్కర్ దొరికాడు. ఎంతమందికి దొరుకుతాడు?

పెద్ద పేరున్న విదేశీ స్కాలర్‌షిప్‌లకు సిఫారసు ఉత్తరాలు అడుగుతారు. మనల్ని పేరుతో ఎరిగిన ప్రొఫెసరు ఇద్దరు ముగ్గురు ఉండాలి. నాలుగేళ్లు వెనక బెంచీలో కూర్చుని, వైవాలో తలదించుకుని, ఇంటిపేరు అడుగుతారేమోనని ఆయన గదికే వెళ్లని విద్యార్థికి ఆ ఉత్తరం ఎవరు రాస్తారు? రాసినా 'క్రమశిక్షణ గలవాడు, కష్టపడతాడు' అని రెండు ముక్కలు. పక్కవాడికి 'మౌలికమైన ఆలోచన గలవాడు' అని రెండు పేజీలు. మనకు శ్రమ, వాళ్లకు మేధ. వర్ణవ్యవస్థ సిఫారసు ఉత్తరంలో కూడా పని పంచుకుంటుందన్నమాట.

దాంతోపాటు నీ కథ రాయమంటారు. ఎంత బీదవాడివి, ఎన్ని అవమానాలు పడ్డావు, ఎట్లా గెలిచావు. ధర్మసంస్థల స్కాలర్‌షిప్‌లలో ఇది ఇంకా ఎక్కువ. మా జూనియర్లకు ఈ వ్యాసాలు దిద్దిపెట్టేటప్పుడు మేమే 'ఇంకొంచెం కష్టం రాయి' అని చెప్పాల్సి వచ్చింది. చెప్పి సిగ్గుపడ్డాం. అమ్మ కూలికెళ్లడం ఒక అమ్మాయికి బతుకు. దాన్ని మార్కుల కోసం అమ్మే సరుకు చెయ్యమన్నాం. ఆమె రాయనంది. తన పరిశోధన గురించి రాస్తానంది. ఆమెదే సరైన మాట, కానీ ఆ స్కాలర్‌షిప్ ఆమెకు రాలేదు.

* * *

వచ్చిన స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందన్నది వేరే కథ. కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకం 2021 మార్గదర్శకాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఈ అంకె 2013 నుంచి కదల్లేదు. 2019లో అగ్రవర్ణ పేదల రిజర్వేషన్‌కు పెట్టిన పరిమితి ఎనిమిది లక్షలు. ఒకే దేశంలో పేదరికానికి రెండు కొలతలు: దళితుడు రెండున్నర లక్షలు దాటితే సాయం అక్కర్లేనివాడు, పైకులంవాడు ఎనిమిది లక్షల దాకా పేదవాడే. అదే మార్గదర్శకాల ప్రకారం ఇంటి నుంచి వెళ్లి చదివే ఇంటర్ విద్యార్థికి ఖర్చుల కింద ఇచ్చేది ఏడాదికి 2,500 రూపాయలు. నెలకు రెండు వందల చిల్లర. తెలంగాణలో 2024లో పెంచిన తర్వాత కూడా కాలేజీ హాస్టల్ విద్యార్థి మెస్ ఛార్జీ నెలకు 2,100, అంటే మూడు పూటలకూ కలిపి రోజుకు 70 రూపాయలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన 2008 తర్వాత మన పిల్లలు వేలల్లో ఇంజనీరింగ్ కాలేజీల మెట్లెక్కారు. దీన్ని కాదనలేం. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోయింది? కాలేజీ యజమానుల కులాలు మేము చెప్పనక్కర్లేదు. సర్కారు బకాయి పెడితే యజమాని విద్యార్థి సర్టిఫికెట్లు పట్టుకుంటాడు. బకాయి సర్కారుది, తాకట్టు మన పిల్లవాడి టీసీ. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసినప్పుడు పత్రికలన్నీ యజమానుల బాధే రాశాయి. సర్టిఫికెట్ లేక ఉద్యోగంలో చేరలేకపోయినవాడు వార్త కాలేదు.

ఆలస్యం ఎంత దాకా పోతుందో 2016 జనవరి 17న చూశాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చివరి ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ ప్రస్తావన ఉంది. ఒక లక్షా 75 వేలు. అది తన కుటుంబానికి అందేలా చూడమని, అందులోంచి ఒక స్నేహితుడి అప్పు తీర్చమని రాశాడు. ఆ ఉత్తరం మీద మనవాళ్లు ఎన్నో రాశారు, నక్షత్రాల గురించి, మనిషి విలువ గురించి. ఆ లెక్క గురించి తక్కువ రాశారు. మాకు ఆ లెక్కే ఎక్కువ కలచివేస్తుంది. అతనికి ఫెలోషిప్ వచ్చింది, పోటీలో నెగ్గాడు, 'ప్రతిభ' పరీక్షలన్నీ దాటాడు. నెగ్గిన తర్వాత కూడా ఆ డబ్బు ఏడు నెలలు చేతికి రాలేదు.

మన వైపు కూడా చూసుకోవాలి. స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు, సమాచారం మన ఉపకులాలన్నిటికీ ఒకేలా అందలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా అడిగింది ఇదే. 2004లో కోర్టు కొట్టేసిన వర్గీకరణను 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమల్లోకి తెచ్చాయి. ఉద్యోగాలు, సీట్లు పంచుకోవడం ఒకెత్తు. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ జాబితాల్లో రెల్లి పిల్ల, బుడగ జంగం పిల్లవాడు ఎంతమంది ఉన్నారో లెక్క తీయడం ఇంకొకెత్తు. ఆ లెక్క ప్రభుత్వాన్ని అడగడానికి ముందు మన సంఘాల్లో ఎవరు ఎవరికి సమాచారం చెబుతున్నారో చూసుకోవాలి. మా అధ్యయన బృందంలో కూడా మొదటి మూడేళ్లు ఆడపిల్లలు ఇద్దరే. సమావేశం రాత్రి ఎనిమిదికి పెట్టుకున్నది మేమే.

అయితే పోటీ వద్దా అని అడుగుతారు మిత్రులు. ఉన్నవి 115 స్థానాలే అయితే పోటీ తప్పదు. అందుకే పిల్లలకు ఫారాలు నింపిపెడుతున్నాం, నెట్ పాఠాలు తెలుగులో రాసిపెడుతున్నాం, సిఫారసు ఉత్తరాల కోసం తిరుగుతున్నాం. కానీ 115 అన్న అంకె ఎవరు నిర్ణయించారు, ఏ జనాభాతో భాగించి నిర్ణయించారు అని అడగడం మానేసిన రోజు మేము నడిపేది వట్టి కోచింగ్ సెంటరవుతుంది.

పోయిన ఏడు మా బృందంలోని డిగ్రీ విద్యార్థిని ఒకామె ఆఫీసుకు బకాయి గురించి అర్జీ రాస్తూ 'ఉపకార వేతనం' అన్నచోట 'నా విద్యా వాటా' అని రాసింది. అట్లాంటి పథకం మా దగ్గర లేదని కాగితం తిప్పి పంపారు. ఆఖరి తేదీ మరుసటి రోజే. పాత మాటతోనే ఇంకో అర్జీ రాసిచ్చి వచ్చింది. తిప్పి పంపిన కాగితం మా దగ్గరే ఉంది.